పరుగు తీసినవానికి ఏ ధాన్యము మేలు?

సంగారెడ్డి నుండి పటాన్‌చెరు వైపు తెల్లవారుజామున ప్రయాణించువారికి రోడ్డు ప్రక్కన రెండు విధముల మనుషులు కనిపింతురు. రాత్రి షిఫ్టు ముగించుకొని కర్మాగారముల గేట్ల నుండి బయటికి వచ్చువారు కొందరు. చీకటి విడకమునుపే పాఠశాలల ఆటస్థలములలో పరుగు తీయు యువకులు కొందరు. పోలీసు కానిస్టేబులు ఎంపికలో మగవారికి 1600 మీటర్ల పరుగు కలదు. ఈ సాధన దాని కొరకే. వీరిలో చాలామంది మన రైతుల బిడ్డలు. కొందరి విషయములో ఈ రెండు రకముల మనుషులు ఒకరే. పగలు పొలము, రాత్రి షిఫ్టు, వేకువన పరుగు.

ఇంత శ్రమ తరువాత వీరు తినునది ఏమి? చాలామందికి ఒక కప్పు టీ, రెండు బిస్కట్లు. మరికొందరు ఎవరో చెప్పిరని అన్నము పూర్తిగా మాని, మూడు పూటలు గోధుమ రొట్టెలే తినుచున్నారు. వ్యవసాయ శాఖవారికి ఈ సంగతితో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. పండించిన ధాన్యము ఎవరి కడుపులో ఎట్లు ఇముడుచున్నదో తెలియక పంటను గూర్చి చెప్పుట సగము పనియే. అదియుగాక, ఈ విషయములో నేనే ఒక పొరపాటు చేసితిని. మొదట దానిని చెప్పెదను.

నిరుడు యాసంగిలో కంది మండలములోని ఒక గ్రామమునకు జొన్న చేను చూడబోయితిని. చేను గల ఆమె కుమారునికి 22 ఏండ్లు. ఒక కర్మాగారములో కాంట్రాక్టు పని, వేకువన పరుగు. గట్టు మీద కూర్చున్న అతనిని చూపి తల్లి, "సారూ, నాలుగు నెలల సంది పిల్లగాడు సన్నబడుతున్నడు. అన్నం బంద్ జేసి గోధుమ రొట్టెనే తింటున్నడు. కడుపు ఉబ్బుతున్నదంటడు. పరుగుల గూడ ఎనుకబడుతున్నడు" అని చెప్పుకొన్నది. నేను ఎక్కువ ఆలోచింపక, "గోధుమ పడలేదు కాబోలునమ్మా, నేటి నుండే మానిపించి జొన్న రొట్టె పెట్టుము" అంటిని. రెండు వారములకు కడుపుబ్బరము తగ్గినది. ఆమె సంతోషించినది, నేనును సంతోషించితిని. కాని అతని ఆయాసము, నీరసము తగ్గలేదు.

అప్పుడు ప్రభుత్వ వైద్యుని వద్దకు పోయిరి. ఆయన ఆ దినముననే రక్తము, మలము పరీక్ష చేయించగా రక్తము మిక్కిలి పలుచనైనట్లు, కడుపులో కొంకిపురుగులు ఉన్నట్లు తేలినది. చెప్పులు లేక తడి నేలలో తిరుగువారికి ఈ పురుగుల పిల్లలు పాదముల చర్మము గుండనే లోనికి ప్రవేశించును. అవి ప్రేగులను పట్టుకొని రక్తము పీల్చును. ఆల్బెండజోల్ మాత్ర, ఇనుము మాత్రలు ఇచ్చిరి. గోధుమ సంగతి అడుగగా వైద్యుడు, "గోధుమ జబ్బు ఉన్నదో లేదో రక్తపరీక్షలో తెలియవలెనన్న మనిషి గోధుమ తినుచుండవలెను. మీరు ముందే మానిపించితిరి. ఇప్పుడు పరీక్ష చేసినను నమ్ముటకు వీలులేదు" అన్నారట. అతడు మరల ఆరు వారములు దినమునకు రెండు పూటలు గోధుమ తిని, అప్పుడు రక్తమిచ్చినాడు. ఆ జబ్బు లేదని వచ్చినది. నా మాట వలన అతనికి రెండు నెలలు పోయినవి. కడుపుబ్బరము తగ్గినదని ఊరకుండినచో పురుగులు అట్లే ఉండిపోయెడివి.

ఇక శ్రమ తరువాత ఆహారము సంగతి. మనము తిను అన్నము, రొట్టె, గడ్డలు, పండ్లలోని పిండిపదార్థము కొంత గ్లైకోజెన్ అను రూపమున కండరములలోను, కాలేయములోను నిలువయుండును. పరుగు తీసినను, బస్తాలు మోసినను మొదట ఖర్చగునది ఇదియే. గాదె ఖాళీ అయినపుడు కాళ్ళు బరువెక్కును. శ్రమ ఆగిన వెంటనే మొదటి కొద్ది గంటలలో కండరములు ఈ నిలువను త్వరగా నింపుకొనును. అదే దినము మరల గట్టి శ్రమ చేయవలసినవారు శరీరపు బరువులో కిలో ఒక్కింటికి గంటకు సుమారు 1 గ్రాము చొప్పున పిండిపదార్థము మొదటి కొద్ది గంటలలో తీసికొనుట మంచిదని క్రీడా పోషణ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 60 కిలోల మనిషికి గంటకు 60 గ్రాములు అగును. రెండు అరటిపండ్లు, చిన్న బెల్లపు ముక్కతో ఇది చాలవరకు సరిపోవును. మరల మరునాటి వేకువ వరకు పరుగు లేనివారికి ఇంత తొందర అవసరము లేదు. దినమంతటిలో చాలినంత తిన్నచో గాదె నిండును. డబ్బాలలో అమ్ము పొడులకు వందలు, వేలు పోయవలసిన పని అంతకన్న లేదు.

ఏ ధాన్యము అను ప్రశ్నకు అంకెలు చూడవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారము 100 గ్రాముల తెల్ల బియ్యములో సుమారు 78 గ్రాముల పిండిపదార్థము, 8 గ్రాముల మాంసకృత్తులు, 3 గ్రాముల లోపు పీచు ఉన్నవి. జొన్నలో పిండిపదార్థము 68 గ్రాములు, మాంసకృత్తులు 10, పీచు 10. గోధుమ పిండి కూడ ఇంచుమించు జొన్న వంటిదే. సజ్జలో పిండిపదార్థము 62 గ్రాములే గాని ఇనుము 6 మిల్లీగ్రాములకు పైన కలదు. తెల్ల బియ్యములో ఇనుము ఒక మిల్లీగ్రామునకు కూడ చాలదు. రాగిలో కాల్షియము 364 మిల్లీగ్రాములు.

దీనిని బట్టి జొన్న అన్ని వేళల గొప్పదని చెప్పుటకు వీలులేదు. పీచు ఎక్కువగుటచే జొన్న రొట్టె మెల్లగా అరుగును. వండిన జొన్నలోని మాంసకృత్తులు కూడ బియ్యము, గోధుమలలోని వానికన్న తక్కువగా జీర్ణమగును. కనుక పరుగు ముగిసిన వెంటనే, ఒళ్ళు వేడిగా ఉన్నపుడు, అరటిపండు గాని, ఉప్పు వేసిన గంజి గాని, ఉడికిన చిలగడదుంప గాని, పెరుగన్నము గాని తేలిక. తొలి ఏకాదశి నాడు మన ఇండ్లలో చేయు జొన్న పేలాల పిండి, బెల్లము కూడ ఇందుకు బాగుగనే పనికివచ్చును. పండుగ నాడు మాత్రమే దానిని తలచుకొనుట ఎందుకో నాకు తెలియదు. గంటా రెండు గంటల తరువాత జొన్న రొట్టె గాని, గట్క గాని, పప్పు, ఆకుకూరతో కడుపునిండ తినవలెను. పప్పు లేని రొట్టె కండరమునకు చాలదు. ఆకుకూరపై నిమ్మకాయ పిండినచో ధాన్యములోని ఇనుము శరీరమునకు ఎక్కువగా అందును. భోజనముతో పాటు టీ త్రాగినచో తగ్గును. చక్కెర జబ్బు కలవారు పై మాటలను తమ వైద్యునికి చూపి నడుచుకొనవలెను.

జొన్న గూర్చి ఈ ప్రాంతమువారికి చెప్పుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ మొదటి నుండి జొన్న, సజ్జలపై పరిశోధన చేయుచున్నది. ఇనుము హెచ్చుగా గల ధనశక్తి సజ్జ 2012లో మహారాష్ట్రలో విడుదలైనది. ఇనుము, జింకు హెచ్చుగా గల పర్భణి శక్తి జొన్న 2018లో అక్కడనే వచ్చినది. రెండింటి వెనుక ఇక్రిశాట్ కృషి కలదు. జహీరాబాదు వద్ద పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములవారు చిరుధాన్యపు విత్తనములను ఇండ్లలో కాపాడుకొనుచు, సంక్రాంతి మొదలు ఎడ్లబండ్లపై పాత పంటల జాతర నడుపుచున్నారు. వారికి 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము ఈక్వేటర్ బహుమతి ఇచ్చినది. అట్టి జిల్లాలో రైతుబిడ్డ బజారు బిస్కట్టుతో పరుగు తీయుట చూడ కష్టముగానున్నది.

గోధుమ పడకపోవుట అనిన ఏమి? దీనికి రొట్టె చేయు ఇల్లాలి చేయియే సాక్షి. గోధుమ పిండి తడిపిన సాగును, కర్రతో ఒత్తవచ్చును. జొన్న పిండిని వేడినీటితో కలిపి చేతితో తట్టవలెను, లేనిచో విరిగిపోవును. గోధుమ ముద్దను నీటిలో కడుగుచు పోయినచో పిండి కరిగిపోయి చివరకు రబ్బరు వంటి జిగురు మిగులును. ఆ జిగురే గ్లూటెన్. గోధుమలోను, బార్లీలోను, రై అను ధాన్యములోను ఇట్టి మాంసకృత్తులు ఉండును. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, వరి, మొక్కజొన్నలలో ఈ జబ్బు కలిగించు గ్లూటెన్ లేదు.

కొందరిలో ఈ గ్లూటెన్ ప్రేగు లోపలి పొరను పాడుచేయును. దీనిని సీలియాక్ వ్యాధి అందురు. హాలండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికే గోధుమయే దీనికి మూలమని పట్టుకొన్నాడు. 1944–45 చలికాలమున యుద్ధము వలన అక్కడ రొట్టె దొరకనపుడు ఈ జబ్బు గల పిల్లలు కోలుకొనుట, మరల రొట్టె రాగానే జబ్బు తిరుగబెట్టుట ఆయన అభిప్రాయమును బలపరచినది. 1950లో ఆయన సిద్ధాంత వ్యాసము వెలువడినది. జొన్నతో చేసిన ఆహారము ఈ రోగులకు హాని చేయదని 2007లో ఇటలీ వైద్యులు పరీక్షించి చూపిరి.

విడువని విరేచనములు, బరువు తగ్గుట, ఎన్ని మాత్రలు మింగినను తగ్గని రక్తహీనత, పిల్లలు ఎదుగకపోవుట దీని గుర్తులు. కొందరిలో కడుపు బాధ లేకయే రక్తహీనత ఒక్కటే కనిపించును. మన దేశములో ఈ వ్యాధి ఉత్తరమున ఎక్కువ, దక్షిణమున మిక్కిలి తక్కువ అని 2016లో వెలువడిన పరిశోధన చెప్పుచున్నది. గోధుమ వాడకములోని తేడా దీనికి సరిపోలుచున్నది. పటాన్‌చెరు, పాశమైలారం ప్రాంతమున బీహారు, ఉత్తర ప్రదేశ్‌ల నుండి వచ్చిన కార్మికులు వేలమంది ఉన్నారు. గోధుమ వారి నిత్యాహారము. వారిలో ఎవరైన నెలల తరబడి చిక్కిపోవుచున్నచో ఇచటి నీరు పడలేదని త్రోసివేయక వైద్యునికి చూపవలెను.

గోధుమ ఎలర్జీ వేరు. తిన్న కొద్ది సేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవుట కలుగును. ఇందులో ఒక అరుదైన రకము పరుగు తీయువారు తప్పక తెలిసికొనవలసినది. గోధుమ తిని ఊరకున్నచో ఏమియు కాదు. పరుగు తీసినను ఏమియు కాదు. గోధుమ తిని కొద్ది గంటలలో పరుగు తీసినపుడు మాత్రము ఒళ్ళంతయు దద్దుర్లు లేచి, కళ్ళు తిరిగి పడిపోవుదురు. ఇది ప్రాణాపాయము. ఎండదెబ్బ అని నీళ్ళు చల్లి కూర్చుండక వెంటనే 108కు ఫోను చేయవలెను. ఒకసారి ఇట్లు జరిగినవారు వైద్యుని సలహా లేనిదే మరల ఆటస్థలమునకు పోరాదు.

మూడవది, పై రెండు జబ్బులు లేకయే గోధుమ తిన్నపుడు కడుపుబ్బరము, బరువు కలుగుట. గోధుమలోని ఫ్రక్టాన్ అను ఒక విధమగు పిండిపదార్థము ప్రేగులో పులిసి వాయువు పుట్టించుట దీనికి ఒక కారణము. ఉల్లి, వెల్లుల్లిలో కూడ ఇది ఉన్నది. పైన చెప్పిన యువకుని కడుపుబ్బరము బహుశః ఈ కోవకు చెందినదే. అట్టివారు గోధుమ తగ్గించిన చాలును, పూర్తిగా వెలివేయ నక్కరలేదు.

సీలియాక్ వ్యాధి నిర్ధారణయైన ఇంటివారు మాత్రము చాల జాగ్రత్తపడవలెను. రవ్వ, మైదా, సేమియా, రస్కు, పరోటా గోధుమయే అని అందరెరుగుదురు. బజారు ఇంగువలో చాలవరకు గోధుమ పిండియో మైదాయో కలియుట చాలమంది ఎరుగరు. మాల్ట్ పానీయపు పొడులలో బార్లీ ఉండును. రొట్టె విరుగుచున్నదని జొన్నపిండిలో గుప్పెడు గోధుమ పిండి కలుపు అలవాటు కూడ కలదు. పొట్లములపై గ్లూటెన్ లేదని వ్రాయుటకు మన దేశపు ఆహార భద్రతా నిబంధనల ప్రకారము కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి అది ఉండరాదు. అట్టి ముద్ర చూచి కొనవలెను.

అన్నింటికన్న పెద్ద చిక్కు పిండిగిర్ని. గోధుమ ఆడించిన రాళ్ళలోనే జొన్న పోసినచో గోధుమ పిండి అందులో కలియక తప్పదు. అట్టి ఇంటివారు ధాన్యమును ఇంటిలోనే చిన్న మిక్సీలోగాని, విసుర్రాయితోగాని పట్టుకొనుట మేలు. గిర్నికే పోవలసివచ్చినచో యంత్రము శుభ్రము చేయించి, ముందు పోసిన జొన్నల పిండిని పశువుల దాణాకు ప్రక్కన పెట్టవలెను. అయినను ఇది పూర్తి రక్షణ కాదు.

ఇంటి ఖర్చుకు జొన్న కావలసినవారు నల్లరేగడిలో సెప్టెంబరు రెండవ పక్షము నుండి అక్టోబరు లోపల విత్తవలెను. ఎకరమునకు 4 కిలోల విత్తనము, సాలుకు సాలుకు 45 సెంటీమీటర్ల దూరము సరిపోవును. రొట్టె రుచికి పేరుపడిన ఎం 35-1 ఈ కాలమునకు తగిన రకము. ఆలస్యముగా విత్తినచో మొవ్వు ఈగ బాధ హెచ్చును.

కంది మండలములోని ఆ యువకుడు మూడు నెలలకు మునుపటి వేగము అందుకొన్నాడు. ఇప్పుడు పొలములోనికి చెప్పులు లేక దిగుట లేదు. వేకువన రెండు అరటిపండ్లు, తొమ్మిది గంటలకు జొన్న రొట్టెలు, పప్పు. ఆదివారము మాత్రము స్నేహితులతో పరోటా తినుచున్నాడట. తల్లి ఈసారి కూడ అర ఎకరములో జొన్న వేసినది. పంటకేమి గాని పిట్టల కాపలాకు మనుషులు దొరకుట లేదని మొన్న కలిసినపుడు నాతో చెప్పినది.