నడిచొచ్చే లక్ష్మి

షిఫ్టు వదిలారు. పాశమైలారం ఫ్యాక్టరీల గేట్లలోంచి జనం బిలబిలమంటూ బయటపడ్డారు. కొందరు కాలినడకన, కొందరు సైకిళ్ల మీద, మరికొందరు షేర్ ఆటోల్లో... దారిలో ఒకరు ఛాయ్ తాగుతారు. ఒకరు అరకిలో టమాటాలు కొంటారు. ఇంకొకరు ఫోన్ రీఛార్జ్ చేయించుకుంటారు. చూడ్డానికి అంతా చిల్లరే. కానీ ఇస్నాపూర్, పటాన్‌చెరు, రామచంద్రాపురంలలో చిన్న కొట్ల గల్లాపెట్టెలకు ఆ చిల్లరే ఆధారం!

మరి వాళ్లు కొట్టు దాకా వచ్చే దారేదీ?

పటాన్‌చెరు మీదుగా వెళ్లేది 65వ నంబరు జాతీయ రహదారి. అటూ ఇటూ దుకాణాలు, మధ్యలో లారీలు, ట్యాంకర్లు, బస్సులు. అవతలి కొట్టు కళ్లెదుటే ఉంటుంది. అందుకోవాలంటే మాత్రం ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. 'రేపు చూద్దాంలే' అనుకుంటాడు కార్మికుడు. దుకాణదారుకు అది పోయిన బేరం.

తప్పిన అంచనా

ఫుట్‌పాత్ వేస్తామన్నా, సైకిళ్లకు దారి వదులుతామన్నా ముందుగా కంగారుపడేది వ్యాపారులే. కార్లు ఆపే చోటు పోతే బేరాలేం కావాలని వాళ్ల భయం. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లోనూ అంతే. తమ దగ్గరికొచ్చేవారిలో 41 శాతం మంది కార్లలోనే వస్తారని అక్కడి గ్లూస్టర్ రోడ్డు దుకాణదారులు లెక్కేసుకున్నారు. 2006లో సస్‌ట్రాన్స్ సంస్థ కొనేవాళ్లనే అడిగి చూస్తే తేలింది 22 శాతమే!

కెనడాలోని టొరంటోలో 2016లో బ్లూర్ వీధిలో కొంత పార్కింగ్ తీసేసి సైకిల్ దారి వేశారు. తర్వాత చూస్తే కొనేవాళ్ల సంఖ్యా, నెలకు వాళ్లు పెట్టే ఖర్చూ పెరిగాయి.

కారణం తేలికే. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2012లో జరిగిన అధ్యయనం ఆ సంగతే చెప్పింది. సూపర్‌మార్కెట్లలో కార్లవాళ్లదే పైచేయి. హోటళ్లలో, చిన్న దుకాణాల్లో మాత్రం సైకిలుపై వచ్చేవారు ఒక్కో విడత తక్కువే ఖర్చు చేసినా, మాటిమాటికీ వస్తారు. నెల తిరిగేసరికి వాళ్ల లెక్కే ఎక్కువ!

మన లెక్క ఏమిటి?

2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో దేశం మొత్తమ్మీద దాదాపు 4.5 కోట్ల మంది నడిచి, 2.6 కోట్ల మంది సైకిళ్లపై పనికి వెళ్లేవారు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైనే. చెన్నైలో కిక్కిరిసిన పాండీ బజార్‌ను 2019 నవంబరులో నడిచేవాళ్ల కోసం విశాలమైన ఫుట్‌పాత్‌లతో తీర్చిదిద్దారు. మన ఔటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. పైన సౌరఫలకాల కప్పు కూడా ఉంది. అందులో ఒక దారి సంగారెడ్డి జిల్లాలోని కొల్లూరు దాకా వస్తుంది. వ్యాయామానికి భేషుగ్గా ఉంది. కానీ ఫ్యాక్టరీ గేటు నుంచి కూరగాయల బండి దాకా తీసుకెళ్లే దారి అది కాదు కదా!

కార్మికుడు అడిగేది పెద్ద కోరికేం కాదు. కాలు పెట్టే ఫుట్‌పాత్, రోడ్డు దాటడానికి సిగ్నల్, రాత్రి షిఫ్టు వేళ వెలుతురు, సైకిలు ఆపుకొనేందుకు కాస్త జాగా. ఒక్క కారు ఆగే చోట పది సైకిళ్లు పడతాయి. అంటే పది బేరాలన్నమాట!

అయితే జాగ్రత్తలూ ఉన్నాయి. ఫుట్‌పాత్ పేరిట తోపుడు బండ్లను తరిమేస్తే మొదటికే మోసం. వీధి వ్యాపారులకు 2014 నాటి చట్టం రక్షణ ఇచ్చింది. సరుకు దించే వాహనాలకు వేళలు కేటాయించాలి. పనులు నెలల తరబడి సాగితే చిన్న కొట్లు తట్టుకోలేవు కాబట్టి ముక్కలు ముక్కలుగా, త్వరగా ముగించాలి.

ఇంతకీ కారు ఆగితేనే బేరం అనుకునేవారు బ్రిస్టల్ దాకా వెళ్లక్కర్లేదు. సాయంత్రం షిఫ్టు వదిలాక ఓ గంట కొట్టు ముందు నిలబడి, వచ్చినవాళ్లలో కారు దిగినవారెందరో, నడిచొచ్చినవారెందరో లెక్కపెడితే చాలు!