డబ్బా పొడియా, పప్పన్నమా?

విజయవాడలో బరువులెత్తిన వీరుడు దండమూడి రాజగోపాలరావు పేర ఇండోర్ స్టేడియం ఉన్నది. ఆయన కాలంలో ఇక్కడి వ్యాయామశాలల్లో అమైనో ఆమ్లాల డబ్బాలు లేవు.

ఇటీవల మేము డెల్టాలో ఒక కూలి కుటుంబాన్ని దర్శించాము. జిమ్‌కు వెళ్ళే కుమారునికి అటువంటి డబ్బా కొనడానికి చెల్లెలికి పాలు మానిపించారట! మాకు బాధతోపాటు కోపమూ వచ్చింది.

ప్రియ పాఠకులారా, శరీరం తానుగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు 9. ఆ డబ్బాలో ఉన్నవి లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, ఈ 3 మాత్రమే. లూసిన్ కండ కట్టే పని మొదలుపెట్టిస్తుంది. మిగిలిన 6 అందకపోతే ఆ పని సాగదు. మేస్త్రీ వచ్చాడు గాని ఇటుకలు రాలేదన్నమాట. ఒక గుడ్డులో 9 రకాలూ ఉన్నాయి, మాంసకృత్తులు సుమారు 6 గ్రాములు. పాలు, చేపలలోనూ 9 ఉన్నాయి. బియ్యంలో కొరవడిన లైసిన్‌ను పప్పు, పప్పులో కొరవడిన మెథియోనిన్‌ను బియ్యం భర్తీ చేస్తాయి.

వ్యాయామం ముగిసిన అరగంటలో పొడి తాగకపోతే శ్రమంతా వృథా అని ఎవరో ఆ అబ్బాయికి చెప్పారు. అలాగేమీ లేదు. రోజు మొత్తంలో ఎంత తిన్నాడన్నదే ముఖ్యం. కసరత్తు చేసే 60 కిలోల యువకునికి సుమారు 90 గ్రాముల మాంసకృత్తులు చాలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగాలి.

డబ్బాలో ఇంకా సగం పొడి ఉన్నది. పారవేయమని మేము అనలేదు. ఆ తల్లి మాత్రం పాలవానికి అప్పుడే కబురు పంపింది.