పోలీసు జట్టు ఏటేటి పద్దు

తాడేపల్లిగూడెము, పెంటపాడు, ఏలూరు ప్రాంతములనుండి చదువుల నిమిత్తము అమెరికా చేరిన పిల్లలు మొదటి శరత్కాలమున ఇంటికి పంపు ఛాయాచిత్రములలో, విశ్వవిద్యాలయపు పేరు ఎదపై అచ్చువేసిన చొక్కా తొడిగి, లక్షమంది పట్టు క్రీడాప్రాంగణమున నిలిచి, ఆట తెలిసియు తెలియకయు కేకలు వేయుచున్న చిత్రమొకటి తరచుగా నుండును. ఆ ఆటను వారు ఫుట్‌బాలే అందురు గాని, బంతిని చేతబట్టి పరుగిడుటయే అందు ముఖ్యము. మనమెరిగిన ఫుట్‌బాలునకు అది దూరపు చుట్టము. 1869 నవంబరు 6వ తేదీన న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలలు తలపడుటతో దాని చరిత్ర మొదలైనదనియు, నాడు రట్గర్స్ 6-4తో గెలిచెననియు అచ్చటి క్రీడాగ్రంథములు చెప్పును.

నాకు ఆ ఆటకంటె దానికి వారు వ్రాసిపెట్టుకొను పద్దు వింతగా తోచును. ఎంత చిన్న కళాశాలయైనను జట్టు పుట్టిననాటినుండి ఏయేట కోచ్ ఎవరు, గెలిచినవెన్ని, ఓడినవెన్ని, ఎటూ తేలనివెన్ని అను లెక్క ఏటికొక పంక్తి చొప్పున దొరకును. ఆడిన ప్రతి ఆటయు గెలిచిన యేడును, ఒక్కటియు గెలువని యేడును అందు ఒకే అక్షరములతో పక్కపక్కనే నిలిచియుండును. ఓటమిని దాచుకొనవలెనను ఆలోచన ఆ పద్దు వ్రాసినవారికి కలుగలేదు. 1996లో సమమైన ఆటను అదనపు వంతులతో తేల్చు నియమము వచ్చినది గాన, నాటినుండి మూడవ గడి మాత్రము ఖాళీగా నున్నది.

మనకు జ్ఞాపకము లేక కాదు. మా డెల్టాలో సంక్రాంతి కోడిపందెముల బరిలో ఏ డేగ ఏ నెమలిని ఏయేట ఏ ఊరి సరిహద్దున పడగొట్టినదో, పందెము పైసలతోసహా ఒప్పజెప్పగల పెద్దలు నేటికిని కలరు. కాని అది నోటి లెక్క, మనిషితో పోవును. తెలుగుదేశమున ఒక జట్టునకు అమెరికా కళాశాలల తీరున ఏటేటి పద్దు వ్రాయవలసివచ్చినచో ఏ జట్టునకు వ్రాయవలెనని యోచింపగా, నాకు తోచినది ఒక్కటే: 1950 మొదలు 1963 వరకు పదునాలుగేండ్లు భారతదేశపు ఫుట్‌బాలును శాసించిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. గోదావరి మండలమువారికి దానితో ఏమి సంబంధమని అడుగువారుందురు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. 1960 నాటికి ఆ జట్టే ఆంధ్ర పోలీసు జట్టను పేరుతో బరిలో దిగినది. పేరు మనదైన పిదప పద్దు వ్రాయు బాధ్యత మాత్రము పరులది ఎట్లగును?

ఈ పోలీసు జట్టునకును కళాశాల వాసన లేకపోలేదు. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఆ విద్యార్థులు, పూర్వవిద్యార్థులు కూడి నడిపిన ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టున ఆడి, పిమ్మట కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు పాఠశాలలలో ఉపాధ్యాయుడైనవాడు. పోలీసు కాదు. జీవితాంతము ఆయనను శిష్యులు రహీం సాహెబ్ అనియే పిలిచిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియైనాడు. సిటీ పోలీసు జట్టు బెంగళూరున రాయల్ ఎయిర్‌ఫోర్సు సైనికులనోడించి ఆష్ గోల్డ్ కప్పును తెచ్చినదియు ఆ సంవత్సరమే. పోలీసు జట్టు శిక్షణభారము 1950లో ఆయన చేతికి వచ్చినది.

రహీం పద్ధతిని గూర్చి కొంత నిదానించి చెప్పవలెను. నాటి మన ఆటగాడు బంతి దొరికిన వెంటనే దానిని కాలివెంట నడిపించుకొని, ఇద్దరు ముగ్గురిని తప్పించి, జనముచేత శభాషనిపించుకొనుటయే ఆటయని తలచుచుండెను. రహీం ఈ మోజును ఉపన్యాసముతో గాక పోటీలతోనే మాన్పించెను. డ్రిబ్లింగు నిషిద్ధమైన టోర్నమెంటు ఒకటి పెట్టెను: బంతి అందినవాడు దానిని వెనువెంటనే తోటివానికి పాసు చేసి తీరవలెను. వాటము లేని కాలితో మాత్రమే తన్నవలెనను నియమముతో ఇంకొకటి పెట్టెను. కుడికాలివాటము గల పిల్లవాడు ఎడమకాలితో బంతిని తన్నబోయి గాలిని తన్ని చతికిలబడగా గట్టుపై కూర్చున్నవారు నవ్వియే యుందురు. ఆ పిల్లలే కొన్నేండ్లకు ఏ కాలితోనైనను గోలు చేయగల పెద్దలైరి. దేహబలమున సైనిక జట్లతో సరితూగలేనివారికి పొట్టి పాసు, వడి, ఎవడు ఎచ్చట నుండునో ముందే తెలిసియుండుట అను మూడే ఆయుధములని ఆయన గ్రహించెను. ఐరోపా జట్ల వ్యూహములను చదివి తన పిల్లలకు సరిపడునట్లు మార్చుకొన్నాడే గాని, ఉన్నవి ఉన్నట్లు దించలేదు.

సికింద్రాబాదు చేరువ అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అను పేదయింటి బాలుడుండెను. హైదరాబాదునకు వచ్చి సాధన చేయుమని రహీం పిలువగా, అంత దూరము వచ్చుటకు తనకు డబ్బు లేదని ఆ బాలుడు చెప్పెను. సైకిలు అద్దెకు తీసికొనుటకు రహీం తన జేబునుండియే ఇచ్చెను. ఆ సైకిలు మీద మైళ్ళకు మైళ్ళు తొక్కి వచ్చి, ఆడి, తిరిగి తొక్కుకొని పోయిన పిల్లవాడు పిమ్మట దేశమునకు ఒలింపిక్సులో రెండుమారులు ఆడినాడు.

ఇక పద్దు. నాడు దేశమున రెండు పోటీలను పెద్దవిగా నెంచుచుండిరి. 1888లో సిమ్లాలో పుట్టి స్వాతంత్ర్యానంతరము ఢిల్లీ చేరిన డ్యూరాండ్ కప్పు ఒకటి. 1891 నుండి బొంబాయిలో జరుగుచుండిన రోవర్స్ కప్పు రెండవది.

1950లో రెండును పోలీసులవే. డ్యూరాండ్ తుదిపోటీ మొదట తేలక మరల ఆడవలసివచ్చినది. ఆ రెండవ ఆటలో కలకత్తా దిగ్గజమైన మోహన్ బగాన్ 1-0తో ఓడినది. సంస్థానము భారతదేశమున కలిసి రెండేండ్లే యైనది. దేశపు క్రీడాపటమున హైదరాబాదును మొదట గుర్తించినవారు ఈ పదునొకండుగురని నా నమ్మకము.

1951లో రోవర్స్ నిలిచినది, డ్యూరాండ్ పోయినది. ఆ మార్చిలోనే ఢిల్లీ ఆసియా క్రీడలలో రహీం శిక్షణనొందిన భారత జట్టు ఇరానును 1-0తో గెలిచి స్వర్ణమును పొందినది. 1952లో మూడవ రోవర్స్. డ్యూరాండ్ తుదిపోటీలో ఈస్ట్ బెంగాల్ చేత 0-1తో ఓటమి. అదే యేట హెల్సింకి ఒలింపిక్సులో, పలువురు వట్టి కాళ్ళతో ఆడిన మన దేశపు జట్టు యుగొస్లావియా చేత 1-10తో చితికినది. అమెరికా పద్దుల నీతి ననుసరించి ఈ పంక్తిని కూడ వ్రాయుచున్నాను. రహీం జీవితమున అదియు ఒక పాఠమే, ఆ పిమ్మట జాతీయ జట్టునకు బూట్లు తప్పనిసరియైనవి.

1953లో నాలుగవ రోవర్స్. 1954లో ఐదవది, దానితోడనే హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ జట్టుపై 1-0తో రెండవ డ్యూరాండ్. ఒకే కప్పును వరుసగా ఐదేండ్లు తెచ్చుట ఎంత కష్టమో ఆటలో దిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు: మొదటి యేట ఎవరును మనలను లెక్కింపరు, మూడవయేటికి ప్రతి జట్టును మనలను కొట్టుటకే సాధన చేయును. 1955లో రెండును దక్కలేదు.

1956 విచిత్రమైన యేడు. డ్యూరాండ్ తుదిపోటీలో మరల ఈస్ట్ బెంగాల్ చేతనే 0-2తో ఓడిరి. కాని ఆ యేటి చివర మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆడి నాలుగవ స్థానమందిన భారత జట్టున నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలగు హైదరాబాదువారు ఒకరు గాదు, ఇద్దరు గాదు, ఒక గుంపుగా నుండిరి. ఒలింపిక్సు ఫుట్‌బాలున అంతకుముందుగాని, ఆ తరువాతగాని భారతదేశము అంతటి స్థానము నెక్కలేదు. రాష్ట్రములు పోటీపడు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956, 1957 సంవత్సరములలో వరుసగా గెలిచినది.

1957 ఆ జట్టు మధ్యాహ్నము. రోవర్స్ తిరిగి చేతికి వచ్చినది. డ్యూరాండ్ తుదిపోటీలో తమను రెండుమారులు పడగొట్టిన ఈస్ట్ బెంగాలును 2-1తో ఓడించిరి. ఐనను ఆ యేటనే బలరాం ఈస్ట్ బెంగాలునకు తరలిపోయెను. ఈ రెండు పంక్తులను కలిపి చదువవలెను.

1958, 1959లలో ఈ రెండు కప్పులును రాలేదు. 1960లో ఆంధ్ర పోలీసు పేరుతో రోవర్స్. 1961లో అదే పేరుతో మోహన్ బగాన్‌పై 1-0తో డ్యూరాండ్. 1962లో చైనా యుద్ధమువలన డ్యూరాండ్ జరుగలేదు. రోవర్స్ కప్పును ఈస్ట్ బెంగాలుతో పంచుకొనిరి.

ఆ 1962లోనే జకార్తా ఆసియా క్రీడలు. రహీంకు అప్పటికే క్యాన్సరు సోకియున్నది. తలకు కుట్లు పడిన వెనుకవరుస ఆటగాడు జర్నైల్ సింగును ఇంటికి పంపక, ముందువరుసకు మార్చి గోలు చేయుమని చెప్పిన సాహసము ఆయనదే. తుదిపోటీలో దక్షిణ కొరియాపై మన రెండు గోలులలో ఒకటి ఆ కుట్లు వేసిన తలవానిదే. సుమారు లక్షమంది ప్రేక్షకులు ఎదురుజట్టు పక్షము వహించి కేకలు వేయుచుండగా 2-1తో స్వర్ణము వచ్చినది. నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకది చివరి స్వర్ణము. 2024లో వచ్చిన హిందీ చలనచిత్రము ‘మైదాన్’ ఈ కథయే. అందులో దేశపు జట్టు కనబడినంతగా పోలీసు జట్టు కనబడదు; వేరు కంటె పువ్వే కెమెరాకు ముద్దు గాబోలు.

1963 జూన్ 11న రహీం కన్నుమూసినాడు. ఆయన లేని ఆ యేటి సీజనులో ఆంధ్ర పోలీసు జట్టు రోవర్స్ కప్పును గెలిచి, డ్యూరాండ్ తుదిపోటీలో మోహన్ బగాన్ చేత 0-2తో ఓడినది.

మొత్తము వేసి చూచినచో: పదునాలుగేండ్లలో రోవర్స్ తొమ్మిది, జరిగిన పదమూడు డ్యూరాండ్ పోటీలలో ఏడింట తుదిపోటీ, నాలుగింట గెలుపు. ఆ తరువాతి పంక్తులలో వ్రాయదగినది స్వల్పము. 1965 సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ బెంగాలునోడించి తెచ్చినది. ఆ పిమ్మట నయీముద్దీన్, హబీబ్ వంటి హైదరాబాదు ఆటగాళ్ళు కలకత్తా దారి పట్టిరి. నయీముద్దీన్ నాయకత్వమున 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారతదేశము కాంస్యమును పొందినది గాని, అప్పటికాతడు హైదరాబాదు ఆటగాడు కాడు.

కారణము రహీం మరణమొక్కటే యని చెప్పుట సులభము. నేనంత సులభముగా నొప్పుకొనను. పోలీసు జట్టు ఒక కొలువు మీద నిలిచినది. బంతి ఆడువానికి నెలజీతము, యూనిఫారము, సాధనకు పొద్దు దొరకుటయే దాని బలము. కలకత్తా క్లబ్బులు అంతకుమించిన డబ్బును, వేలమంది అభిమానమును చూపినప్పుడు కానిస్టేబులు జీతమునకు కట్టుబడుమని ఎవరిని మాత్రమడుగగలము? రహీం బ్రతికియున్నంతకాలము పోయినవాని స్థానమున మరియొకడు బడిమైదానమునుండి వచ్చుచుండెను; ఆయనతో ఆగినది ఈ రాక. అంగబలము, అర్థబలము గల జట్టును కొనవచ్చును, తెచ్చిపెట్టవచ్చును గాని, డబ్బుతోనే నిలుపలేము. ఇటీవలి చరిత్రయే సాక్షి. అమెరికావారి ఫుట్‌బాలే స్కైకింగ్స్ అను పేర హైదరాబాదునకు ఒక జట్టును 2010 దశకపు తొలినాళ్ళలో ప్రకటించి, కంటికి ఆనక మాయమైనది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో గెలిచి దేశపు లీగు విజేతయైనది. 2025లో యాజమాన్యము మారి, పేరు మారి, ఢిల్లీ చేరినది. బడిపంతులు పెంచిన జట్టు పదునాలుగేండ్లు నిలిచినది. పెట్టుబడి తెచ్చిన జట్టు ఆరేండ్లకే ఊరు విడిచినది.

పోలీసు జట్టునకు గెలిచిన కప్పుల జాబితా దొరకుచున్నది గాని, ఓడిన ఆటల జాబితా, ప్రతి ఆటలో ఆడిన పదునొకండుగురి పేర్లు, ఏ నిమిషమున ఎవరు గోలు చేసిరో ఒక్కచోట దొరకుట అరుదు. పెద్ద జట్టు గతియే ఇట్లున్నప్పుడు మన ఊళ్ళ సంగతి వేరుగ చెప్పవలెనా? ఏలూరున సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల, భీమవరమున పశ్చిమగోదావరి భీమవరం కళాశాల 1945లోనే వెలసినవి. తాడేపల్లిగూడెమున 2015 నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యున్నది. ఎనుబదియేండ్లుగా ఈ నేలమీద వాలీబాలు, కబడ్డీ, ఫుట్‌బాలు జట్లు పుట్టుచు, పోవుచునే యున్నవి.

కావున ఈ ప్రాంతపు పాఠకులకు నాదొక మనవి. మీ యింట పెట్టె అడుగున కళాశాల జట్టుతో దిగిన ఛాయాచిత్రముగాని, టోర్నమెంటు యోగ్యతాపత్రముగాని యున్నచో, దాని వెనుక సంవత్సరము, ఊరు, ఎదురుజట్టు, ఎవరెవరు ఏ వరుసలో నిలిచిరో పెన్సిలుతో వ్రాసి, ఒక నకలును మీరు చదివిన కళాశాల గ్రంథాలయమున ఇచ్చిరండు. ఓడిన ఆటలను విడువవలదు.