మీకు తెలుసా? పాత కార్పెట్ కింద కొత్త సంగతులు!

అమెరికాలో పాత ఇల్లు కొన్నారా? గోడ నుంచి గోడ దాకా మాసిపోయిన కార్పెట్టేనా? మార్చే ముందు ఇలా రండి, ఓ మాట!

ఇళ్లలో ఆ కార్పెట్‌ని చాలావరకు నేలకి అంటించరు! గోడల వెంట ట్యాక్ స్ట్రిప్ అనే సన్నని చెక్కపట్టీ ఉంటుంది. దాని మేకుల మొనలే కార్పెట్‌ని పట్టుకుంటాయి. మూలన పటకారుతో పట్టి లాగండి, లేచొస్తుంది! 3 అడుగుల వెడల్పున కోసి చుట్టేయండి. చేతులకి గ్లవ్స్ మాత్రం మరవొద్దు. ఈ పని నిక్షేపంగా మీరే చేసుకోవచ్చు!

1950ల నాటి ఇల్లా? అయితే అదృష్టం పరీక్షించుకోండి! కింద అసలైన ఓక్ చెక్క నేల దాగి ఉండొచ్చు. అప్పుడు కొత్త కార్పెట్ ఎందుకండీ!

కానీ 9 అంగుళాల చదరపు పలకలు కనిపించాయా? ఆగండి! పగలగొట్టొద్దు, గీకొద్దు! పాత ఇళ్లలో ఆ కొలత పలకల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. ముందు పరీక్ష చేయించండి. ఇది మాత్రం ప్రాణాలకి సంబంధించిన సంగతి!

కార్పెట్ చుట్ట వెడల్పు మామూలుగా 12 అడుగులు! గది వెడల్పు 13 ఉందా? ఆ ఒక్క అడుగు కోసం అతుకు వేయాలి, లేదా ఇంకా వెడల్పు చుట్ట వెతకాలి!

ఆ చుట్టలకి పుట్టిల్లు జార్జియాలోని డాల్టన్. ఈ పరిశ్రమంతా మొదలైంది 1895లో, కేథరిన్ ఎవాన్స్ అనే పదిహేనేళ్ల అమ్మాయి చేత్తో కుట్టిన దుప్పటితో! అట్లాంటాలోని మనవాళ్లకి ఆ ఊరు కారులో గంటన్నర దూరమే!

కింద ప్యాడ్ ఎంత మందంగా ఉంటే అంత మంచిదనుకుంటున్నారా? కాదు! అంగుళంలో 7/16 వంతు దాటితే కార్పెట్టే త్వరగా పాడవుతుంది!

ఇక పరిచే పని. నా మాట వినండి, ఇది ఇన్‌స్టాలర్‌కే వదిలేయండి! ‘నీ-కిక్కర్’ (knee kicker) అనే పనిముట్టుని మోకాలితో తన్ని తన్ని కార్పెట్‌ని బిగిస్తారు. కార్పెట్ వేసేవాళ్ల మోకాలి గాయాల పరిహార దరఖాస్తులు మామూలుగా ఉండాల్సిన దానికి 108 రెట్లట! 1990లో అమెరికా ప్రభుత్వ సంస్థ నియాష్ చెప్పిన లెక్క ఇది! ఏ వృత్తిలోనూ అంత లేదట! ఆ మోకాళ్ల కష్టం తెలిశాక కూలి దగ్గర గీచి గీచి బేరమాడాలనిపించదు!

వాళ్ల మోకాలికీ, మీ కార్పెట్‌కీ మేలు చేసేది ఇంకొకటుంది. పవర్ స్ట్రెచర్! పొడవాటి గొట్టాన్ని ఎదుటి గోడకి ఆనించి, మీట నొక్కి సాగదీస్తారు. 20 అడుగుల గదిలో కార్పెట్ రెండు అంగుళాలకి పైగా సాగాలి! సాగకపోతే కొన్నాళ్లకే ముడతలు! అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు అడగండి: "పవర్ స్ట్రెచర్ తెస్తారా?"