డబ్ల్యు.జి. గూడ్సు ఇంజను

సరకుల బండిని లాగు ఇంజనుకు వేగముకన్న బలము ముఖ్యము. బొగ్గు, ధాన్యము నింపుకొని నిలిచియున్న బరువైన బండిని కదల్చుటయే దానికి మొదటి పరీక్ష. స్వతంత్ర భారతదేశములో ఈ పనికై విరివిగా నిర్మింపబడినది డబ్ల్యు.జి. తరగతి ఆవిరి ఇంజను. ‘డబ్ల్యు’ బ్రాడ్ గేజిని, ‘జి’ గూడ్సును సూచించును.

అంతకుముందే, 1947లో, డబ్ల్యు.పి. అను ప్యాసింజరు ఇంజను వచ్చినది. రెండింటికిని బాయిలరు ఒకే రకము. ఆవిరి పీడనము చదరపు అంగుళమునకు 210 పౌనులు. అయినను డబ్ల్యు.పి. లాగుడు బలము సుమారు 30,600 పౌనులు కాగా, డబ్ల్యు.జి. బలము 38,890 పౌనులు. ఈ భేద మెట్లు కలిగినది?

కారణములు రెండు. మొదటిది సిలిండరు. దాని వ్యాసము డబ్ల్యు.పి.లో 20.25 అంగుళములు, డబ్ల్యు.జి.లో 21.875 అంగుళములు. పిస్టను వైశాల్యము పెరుగుటచే బలము 1.17 రెట్లగును. రెండవది చక్రము. దాని వ్యాసము మొదటిదానిలో 67 అంగుళములు, రెండవదానిలో 61.5 అంగుళములు. రెండింటిలోను పిస్టను నడచు దూరము 28 అంగుళములే. చక్రము చిన్నదైనచో ఒక్క చుట్టుకు బండి పోవు దూరము తగ్గి, లాగుడు బలము 1.09 రెట్లగును. ఈ రెండు సంఖ్యలను గుణించిన సుమారు 1.27 వచ్చును. విద్యార్థులు దీనితో 30,600ను గుణించి సరిచూడవచ్చును.

బల మొక్కటియే చాలదు. చక్రము పట్టాపై జారరాదు. లాగుడు బలమునకు సుమారు నాలుగు రెట్ల భారము చోదక చక్రములపై ఉండవలెను. 38,890 పౌనులనగా 17 టన్నులకు పైమాట. కావున దాదాపు 70 టన్నుల భారము కావలెను. ఒక్కొక్క ఇరుసుపై 18.5 టన్నుల చొప్పున మూడిరుసులకు 55.5 టన్నులే, నాలుగిరుసులకు 74 టన్నులు. అందుచే డబ్ల్యు.పి.లో ఆరు చోదక చక్రములుండగా, దీనిలో ఎనిమిది అమర్చిరి.

తొలి ఇంజనులలో కొన్నింటిని గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ కంపెనీ నిర్మించినది. పశ్చిమ బెంగాలులోని చిత్తరంజన్ కర్మాగారపు మొదటి ఇంజను ‘దేశబంధు’ను 1950 నవంబరు 1న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. మొదట విదేశీ భాగములను కూర్చుటతో ఆరంభమైన పని క్రమముగా స్వదేశీ నిర్మాణముగా మారినది. 1970లో వెలువడిన ‘అంతిమ్ సితారా’ ఈ తరగతిలో కడపటిది. అప్పటికి మొత్తము సంఖ్య 2,400 దాటినది.

ఆవిరి ఇంజనులో బొగ్గు వేడిమిలో నూటికి పది పాళ్లయినను లాగుడు పనిగా మారదు. డీజిలు, విద్యుత్తు ఇంజనులు దానిని తొలగించుటకు ఇదియొక ముఖ్య కారణము. చిత్తరంజన్‌లోనే 1961లో విద్యుత్తు ఇంజనుల నిర్మాణము మొదలైనది. ఆవిరి ఇంజనులతో పని నేర్చిన కార్మికులకు అది నూతన విద్య అయినను, ఇరుసు భారము, చక్రపు పట్టు అను లెక్కలు మాత్రము పాతవే.