కొండ నేర్పిన బ్రతుకు

ప్రకృతి మానవుని జీవనమును తీర్చిదిద్దునని భూగోళ పాఠములలో విద్యార్థులు చదువుచుందురు. అందుకు దృష్టాంతముగా ఆఫ్రికాలోని వేటజాతులను చూపుట పరిపాటి. కలహారి ఇసుకనేలలలో నీరు అరుదు. అందుచే అచ్చటి శాన్ ప్రజలు నిప్పుకోడి గుడ్ల పెంకులలో నీరు నింపి దాచుకొనెడివారు. కాంగోలోని ఈటూరి అడవి దట్టమైనది. అచ్చటి ఎంబూటీ జనులలో పలువురు చెట్ల నడుమ వలలు పన్ని, జంతువులను వానిలోనికి తరిమి పట్టుదురు. కాని ఈ పాఠము నేర్చుటకు అంత దూరము పోనక్కరలేదు. వేగావతీ తీరమునందలి సాలూరు నుండి కొరాపుట్టునకు పోవు ఘాటు దారి ఎక్కిన చాలును.

ఈ ప్రాంతపు కొండలలో కొండదొరలు, జాతాపులు, గదబలు, సవరలు నివసించుచున్నారు. ఏటవాలు నేలపై నీరు నిలువదు. రాళ్ల నడుమ నాగలి సాగదు. ఆ నేలకు తగిన సేద్యమే పోడు. చెట్లు నరికి, ఎండిన పిదప కాల్చి, తొలకరికి ఆ బూడిద నేలలో విత్తుదురు. చోళ్లు, సామలు, కందులు ఒకే చెలకలో కలిపి వేయుదురు. వానలు తప్పి ఒకటి పోయినను మరియొకటి కడుపు నింపును. కొన్ని పంటల పిదప ఆ చెలకను విడిచిపెట్టుదురు. అడవి మరల పెరిగి నేలకు సారము నిచ్చును.

వానకాలమున గాదె ఖాళీ యగును. అప్పుడు మామిడి టెంకలలోని జీడిని నీట నానవేసి, వగరు పోగొట్టి, ఎండబెట్టి దంచిన పిండితో అంబలి కాచుకొందురు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు సంతకు వచ్చి ఉప్పు, గుడ్డలుగా మారును.

అయినను ప్రకృతి ప్రశ్న వేయునే కాని సమాధానమును చెప్పదు. నల్లమల చెంచులు పోడుకంటె దుంపలను, తేనెను, వేటను ఎక్కువగా నమ్ముకొనిరి. ఈ కొండలవారు పోడును, అడవి ఫలసాయమును జోడించుకొనిరి. కొత్తల పండుగ జరిగి దేవతకు నివేదించువరకు కొత్త మామిడిని గాని, కొత్త కందిని గాని ముట్టరాదనునది వీరి కట్టుబాటు. కాయ పక్వమగువరకు చెట్టున నిలుచుటకు, ఊరివారందరు ఒక్కసారే అనుభవించుటకు అది తోడ్పడును. ఈ నియమము కొండ పెట్టినది కాదు, మనుష్యులు పెట్టుకొన్నది.

తరువాత పరిసరములే మారినవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో అడవులకు ప్రభుత్వపు ఎల్లలు ఏర్పడినవి. తిరుగు నేల తగ్గినది, జనము పెరిగినది. చెలకకు విశ్రాంతి కరవై, కొండమన్ను వానలకు కొట్టుకొనిపోవుచున్నది. అప్పుడు తప్పు పోడుదే యనిరి. దానిని చేయువారిని తెలియనివారనిరి. విశ్రాంతి నిచ్చుట వారు మరచిన విషయము కాదు, వారికి చోటు లేక చేయలేనిది. అటవీ ఫలములను కొనుటకు గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడినది. సాగులోనున్న అటవీ భూమిపై హక్కును 2006 నాటి చట్టము అంగీకరించినది. హక్కు లభించిన నేలపై ఏ పంట నిలుచునో కొండవారికి తెలిసినంత ఇతరులకు తెలియదు.

కొండ దిగి చదువుకొనుటకు సాలూరు వచ్చిన బాలునకు భూగోళము పుస్తకముతో ఆరంభము కాలేదు. ఏ వాలున ఏ గింజ మొలచునో అతడు ఇంటిలో నేర్చియే వచ్చినాడు. ఉపాధ్యాయుడు ఆ సంగతి అడిగి తెలిసికొన్నచో, తరగతికంతకు ఒక మంచి పాఠము దొరకును.