తళ్ళికోట నుండి ఓటర్ల జాబితా దాకా

దక్షిణ భారత చరిత్ర పేపరులో తప్పకుండా తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటుంది: తళ్ళికోట యుద్ధమునకు కారణములు, ఫలితములు వ్రాయుము. చాలా జవాబుపత్రాలు ఒకే వాక్యంతో మొదలవుతాయి. "దక్కను ముస్లిం సుల్తానులందరూ ఏకమై హిందూ సామ్రాజ్యమైన విజయనగరాన్ని నాశనం చేశారు." మార్కులు వేయక తప్పదు. మనవాళ్ళు చిన్నప్పటినుంచీ చదువుకున్నదే అది. అయినా ఆ వాక్యంలో ఒక్కొక్క మాటనూ కాస్త గిల్లి చూద్దామని నా ప్రయత్నం. పరీక్ష కోసం కాదు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకునే ఈనాటికీ ఊళ్ళో పక్కింటివాణ్ణి అనుమానంగా చూసేవాళ్ళున్నారు గనుక.

ముందు "అందరూ" అన్న మాట. 1565 జనవరిలో కృష్ణానది దగ్గర రాక్షసి-తంగడి మైదానంలో అళియ రామరాయలను ఎదిరించినవారు బిజాపూరు అలీ ఆదిల్ షా, అహమ్మద్‌నగరు హుస్సేన్ నిజాం షా, గోలకొండ ఇబ్రహీం కుతుబ్ షా, బీదరు అలీ బరీద్ షా. ఐదో రాజ్యమైన బీరారు రాలేదు. నిజాం షాతో దానికి పాత పగ ఉంది. మతం పిలిచింది గాని పగ వద్దంది, అంతే.

ఇక "ఏకమై" అన్నది. ఈ నలుగురిలో ముగ్గురికి రామరాయలతో ఉన్న సంబంధాలు తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. గోలకొండ రాకుమారుడు ఇబ్రహీం, అన్న జంషీద్ చేతిలో ప్రాణం పోతుందన్న భయంతో 1543లో పారిపోయి తలదాచుకున్నది ఎక్కడయ్యా అంటే, విజయనగరంలోనే. ఏడేళ్ళు రామరాయల అన్నం తిని 1550లో వెళ్ళి గోలకొండ గద్దె ఎక్కాడు. బిజాపూరు అలీ ఆదిల్ షా మరీ విశేషం. రామరాయలకు పుత్రశోకం కలిగినప్పుడు స్వయంగా విజయనగరం వెళ్ళి పరామర్శించాడు. రామరాయలు అతణ్ణి కొడుకుగా స్వీకరించాడని చెబుతారు. తర్వాత ఈ పెంపుడు తండ్రీ కొడుకులూ, ఇబ్రహీమూ కలిసి అహమ్మద్‌నగరు మీద దండెత్తారు. అంటే ఒక ముస్లిం రాజ్యాన్ని ముట్టడించింది ఒక హిందూ ప్రభువూ, ఇద్దరు ముస్లిం సుల్తానులూ!

ఆ దండయాత్రలో రామరాయల సైనికులు మసీదులను అవమానపరచారని ఫెరిష్తా వ్రాశాడు. ఆయన బిజాపూరు దర్బారులో కూర్చొని, యుద్ధం జరిగిన నలభై ఏళ్ళ తర్వాత వ్రాసినవాడు. ఆ మాట పూర్తిగా కల్పన అని నేననను. దండయాత్రలో సైన్యం చేతికి అడ్డేముంటుంది? కాని ఆ అవమానం జరుగుతున్నప్పుడు పక్క గుడారంలో ఉన్నది అలీ ఆదిల్ షా సైన్యమే గదా! అప్పుడు రాని ఆగ్రహం తర్వాత వచ్చింది. ఎందుకు వచ్చింది?

నా అభిప్రాయంలో దానికి సమాధానం కోటల లెక్కలో ఉంది. రామరాయలు ఇవాళ ఒకరితో, రేపు మరొకరితో చేరి, ప్రతిసారీ తన వాటాగా కోటో పరగణానో పుచ్చుకుంటూ వచ్చాడు. చివరికి తమ్ముడి ఆస్తి తగాదాలో మధ్యవర్తిగా వచ్చిన పెద్దమనిషే పొలమంతా కాజేస్తున్నాడని అన్నదమ్ములకు తెలిసివచ్చినట్టయింది. అప్పుడు పెళ్ళిళ్ళు జరిగాయి. హుస్సేన్ నిజాం షా కూతురు చాంద్ బీబీని అలీకిచ్చి, కట్నంగా షోలాపూరు కోట ఇచ్చారు. అలీ చెల్లెల్ని హుస్సేన్ కొడుక్కి చేసుకున్నారు. షోలాపూరు కోసం ఎన్నాళ్ళనుంచో కొట్టుకుంటున్న ఇద్దరు వియ్యంకులయ్యాక గాని దండు కదలలేదు. మతం పేరు చెప్పి సైన్యాలను ఉత్సాహపరచి ఉండవచ్చు, పరచే ఉంటారు. కాని పెళ్ళిపీటలు వేయకుండా మతం ఒక్కటే వాళ్ళను కలపలేకపోయిందన్నది గమనించవలసిన సంగతి. యుద్ధం గెలిచాక ఎంతకాలం కలిసున్నారు? కొద్ది ఏళ్ళకే మళ్ళీ మామూలే, బిజాపూరూ అహమ్మద్‌నగరూ కత్తులు దూసుకున్నాయి.

విజయనగరం "హిందూ సామ్రాజ్యం" అన్న మాటా చూద్దాం. ఆ రాజులు విరూపాక్షుని భక్తులు, తిరుమల వేంకటేశునికి సొమ్ములు చేయించినవారు, సందేహం లేదు. అయితే వాళ్ళు శాసనాల్లో వేయించుకున్న బిరుదు "హిందూరాయ సురత్రాణ." సురత్రాణుడంటే సుల్తాన్ అన్న మాటకు సంస్కృత వేషం! హిందూరాజుల్లో సుల్తాను అనిపించుకోవడం వాళ్ళకు గొప్ప. శ్రీకృష్ణదేవరాయలకు మరో బిరుదుంది, "యవనరాజ్య స్థాపనాచార్య." రాయచూరులో బిజాపూరును చావగొట్టిన చేతితోనే, గుల్బర్గాలో బహమనీ వంశపు రాకుమారుణ్ణి గద్దెనెక్కించినందుకు ఆ బిరుదు. రెండో దేవరాయలు ముస్లిం విలుకాండ్రను సైన్యంలో చేర్చుకొని, వాళ్ళు సలాము చేయడానికి వీలుగా సింహాసనం ముందు ఖురాను పెట్టించాడని ఫెరిష్తాయే చెబుతున్నాడు. ఆ రాజుగారి కొలువులోని అహమ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు హంపీలో ఈనాటికీ నిలిచి ఉంది. చూడబోయినవాళ్ళు చాలామంది దాన్ని చూడకుండానే బస్సెక్కేస్తారు.

ఇంతమాత్రం చేత అందరూ పాలూ నీళ్ళలా కలిసిపోయారని చెప్పబోవటం లేదు. హంపీ శిథిలాలు కళ్ళముందున్నాయి. ఉగ్రనరసింహుని విగ్రహాన్ని ముక్కలు చేసినవాళ్ళు భక్తితో చేయలేదు. ఓడిన రాజు ఇలవేల్పును అవమానిస్తే రాజు పరువు పోతుందన్న రాజకీయం అందులో ఉంది; విగ్రహారాధన మీద ద్వేషం కూడా ఉంది. రెండోది లేదంటే అబద్ధం, రెండోదొక్కటే అంటే అంతకన్నా పెద్ద అబద్ధం. అదే యుద్ధంలో రామరాయల తల నరికించిన కూటమిలోని ఇబ్రహీం, తెలుగు కవులకు "మల్కిభరాముడు" అయ్యాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ దర్బారులోని అమీన్‌ఖానుకు పొన్నగంటి తెలగన్న యయాతి చరిత్రను అంకితమిచ్చాడు, అదీ అచ్చ తెనుగులో. రాజ్యం నడపాలంటే ప్రజల భాష కావాలి, లెక్కలు వ్రాసే నియోగులు కావాలి. ఆ అవసరంలోంచి కొంత ప్రేమ కూడా పుట్టింది.

ఆ గోలకొండను 1687లో పడగొట్టింది ఎవరు? ఔరంగజేబు. తానీషా దగ్గర అక్కన్న మాదన్నలనే బ్రాహ్మణ సోదరులు పెత్తనం చేస్తున్నారన్నది ఆయన చెప్పిన నేరాల్లో ఒకటి. తానీషా షియా, చక్రవర్తి సున్నీ అన్నది ఇంకొకటి. ఈ యుద్ధాన్ని ఏ మతాల మధ్య యుద్ధమని జవాబుపత్రంలో వ్రాస్తారో నాకు తెలుసుకోవాలని ఉంది.

మరి మార్పు ఎక్కడ వచ్చింది? జనం నమ్మకాల్లో రాలేదు. ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరుని గుడికి ముస్లిములు వస్తారు, బీబీ నాంచారి తమ ఆడపడుచంటారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్లకు హిందువులు మొక్కుకుంటారు. ఇవి ఏ ప్రభుత్వమూ చెప్పి చేయించినవి కావు.

మార్పు కాగితం మీద వచ్చింది. జేమ్స్ మిల్ అనే ఆయన ఇండియా ముఖం చూడకుండానే 1817లో ఇండియా చరిత్ర అచ్చువేయించి, దాన్ని హిందూ యుగం, మహమ్మదీయ యుగం, బ్రిటిష్ యుగం అని కోశాడు. (మూడోది క్రైస్తవ యుగం కాకపోవడం చూశారా!) తర్వాత 1871-72 నుంచి జనాభా లెక్కలు వచ్చాయి. అందులో మతానికి ఒక గడి. తెలుగే ఇంటిభాషగా, పేర్లలో సగం హిందువుల పేర్లుగా బ్రతికిన దూదేకులవారి వంటివారు కూడా ఏదో ఒక గడిలో పడాలి. రెండు గడుల్లో ఉండటానికి వీల్లేదు.

ఆ గడి 1909లో ఓటు అయింది. మింటో-మార్లే సంస్కరణలు ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చాయి. ముస్లిం స్థానంలో ముస్లిములే నిలబడాలి, ముస్లిములే ఓటు వేయాలి. దీని పనితనం గ్రహించడం కష్టమేమీ కాదు. మీ ఊళ్ళో మీరు పోటీ చేస్తున్నారనుకోండి. పొరుగు మతంవాడి ఓటు మీకు అక్కరలేదు. వాణ్ణి తిడితే మీకు పోయేది లేదు, పైగా మీవాళ్ళలో మీకన్నా గట్టిగా తిట్టేవాడికే ఓట్లు పడతాయి. అల్పసంఖ్యాకుల భయం నిజమైనదే, మొత్తం ఓట్లలో మునిగిపోతామన్న బెంగకు కారణముంది. కాని ఇచ్చిన మందు రోగాన్ని పెంచేది. 1937 ఎన్నికల్లో ముస్లిం స్థానాల్లో నాలుగో వంతు కూడా తెచ్చుకోలేని ముస్లిం లీగు, 1945-46లో కేంద్ర శాసనసభలోని ముస్లిం స్థానాలు ముప్పైకి ముప్పై గెలిచింది. మరుసటేడు దేశం రెండయింది.

నిజాం రాష్ట్రంలో ఓటు లేదు గాని గాలి సోకింది. ముస్లిములే ఇక్కడ పాలకులన్న మజ్లిస్ సిద్ధాంతం కాశిం రజ్వీ చేతిలో రజాకార్ల దౌర్జన్యంగా మారింది. అయితే అక్కడా మన జవాబుపత్రం వాక్యం పనికిరాదు. విసునూరు దేశ్‌ముఖ్ హిందువు. భూమి కోసం అతణ్ణి ఎదిరించి ప్రాణమిచ్చిన షేక్ బందగీ ముస్లిము. అదే దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు 1946లో బలైన దొడ్డి కొమరయ్య హిందువు. హైదరాబాదు ఇండియాలో కలవాలని పత్రికలో వ్రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిము.

సెప్టెంబరులో ఐదు రోజుల్లో పోలీసు చర్య ముగిసింది. ఆ తరువాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిములు వేలసంఖ్యలో చంపబడ్డారు. ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం జిల్లాలు తిరిగి, మృతులు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని లెక్క వేసింది. ముస్లిం పొరుగువారిని ఇళ్ళలో దాచి కాపాడిన హిందువుల సంగతి కూడా అందులో వ్రాసింది. ఆ నివేదిక జనం చదవడానికి బయటికి వచ్చింది 2013లో.